గట్టు తీసేస్తే నీళ్ళెటు పోతాయి?

కొత్త ఇంట్లో తొలిసారి స్నానం చేసిన రోజే చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటుంది. ఆఖరి మగ్గు పోసుకుని, బకెట్లో మిగిలిన నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరిస్తారు. కొన్ని జాలీ వైపు పోతాయి. కొన్ని గోడ మూలన మడుగు కడతాయి. మిగతావి తలుపు కింద నుంచి పడకగదిలోకి వచ్చేస్తాయి. మేస్త్రిని పిలిస్తే రసమట్టం పెట్టి చూసి, వాటం సరిగ్గానే ఉందంటాడు. చూడబోతే అతని మాటా నిజమే. నీరు పల్లమెరుగన్న సామెతా నిజమే. మరి ఆ నీళ్ళెందుకు దారి తప్పాయి?

స్నానం చేసే జాగాకూ మిగతా నేలకూ నడుమ మూడు నాలుగంగుళాల గట్టు ఉంటే ఈ ప్రశ్న పుట్టదు. వాటంలో తప్పున్నా, తూము చిన్నదైనా, బండ ఒక పక్కకు దిగినా గట్టు అన్నిటినీ కాచుకుంటుంది. అయితే మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు రోజూ ఆ గట్టు దాటడమే గండం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి అది గోడతో సమానం. అందుకే ఇప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు, గట్టు వద్దంటున్నారు. ప్రజా భవనాలు అందరూ వాడుకునేలా ఉండాలని మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. చక్రాల కుర్చీతో నేరుగా వెళ్ళే స్నానపు జాగాకు అర అంగుళాన్ని మించిన గడప ఉండకూడదని అమెరికాలో దివ్యాంగుల చట్టం కింద ఉన్న ఏడీఏ ప్రమాణం అంటోంది.

గట్టు తీసేయడం ఒక్క పూట పని. గట్టు ఇన్నాళ్ళూ మోసిన బరువంతా ఇక నేలే మోయాలి. ఆ నేల దేనితో వేయాలి, దాని కింద ఏముండాలి అన్నది జాగ్రత్తగా తేల్చుకోవాల్సిన సంగతి.

పెరట్లో బండ

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్ళలో గట్టు లేని స్నానపు నేల కొత్త వింతేమీ కాదు. పెరట్లో ఒక మూల పెద్ద నాపబండ పరిచి, మూడు వైపులా బండలే నిలబెట్టి, నాలుగో వైపు గుడ్డో తడికో కడితే అదే స్నానాల గది. బచ్చలి అన్నా జలదారి అన్నా అదే. బండను ఒక అంచు కాస్త ఎత్తుగా, ఎదుటి అంచు పల్లంగా ఉండేట్టు పరిచేవారు. నీళ్ళు ఆ పల్లపు అంచు నుంచి అరటి పాదులోకో మిరప మొక్కల్లోకో పోయేవి. గట్టూ లేదు, జాలీ లేదు, గొట్టమూ లేదు.

ఇంకా వెనక్కి పోతే మొహెంజొదారో ఇళ్ళలోనూ స్నానపు అరుగులు ఇలాగే ఉండేవి. ఇటుకలు దగ్గరగా పేర్చి, నేలంతా ఒక వైపు తూముకు వాల్చేవారు. అక్కడి మహా స్నానవాటికలో ఇటుకల వెనక నీళ్ళు ఇంకకుండా తారు పూత కూడా పూశారు. నాలుగు వేల ఏళ్ళ కిందటి ఆ పూత సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది.

అమెరికాలో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు అక్కడి స్నానాల గది చూసి తికమకపడతారు. తొట్టి బయట నేల మీద తూమే ఉండదు. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క దూలాల మీద, చెక్క పలకల నేల మీద నిలబడ్డవి. చుక్క నీరు కిందికి దిగినా చెక్క కుళ్ళుతుంది. కాబట్టి నీటిని ఒక తొట్టిలో బంధించడం వాళ్ళ పద్ధతి. గదంతా తడవనిచ్చి, ఒక వైపుకు వాలనివ్వడం మన పద్ధతి. గట్టు లేని స్నానపు నేల అక్కడ ఈమధ్య వచ్చిన కొత్త ఏర్పాటయితే, మనకు అది పెరటి నుంచి ఇంట్లోకి నడిచి వచ్చిన పాత అలవాటు.

పుస్తకంలా విడిపోయే రాయి

నాపరాయి అంటే సున్నపురాయే. నేల మీద చెట్టూ చేమా పుట్టకముందే, ఇప్పటి కడప, కర్నూలు ప్రాంతమంతా లోతులేని సముద్రం కింద ఉన్న కాలంలో, సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా అడుగున పేరుకుంది. బరువుకు నలిగి గట్టిపడి రాయయింది. పొరకూ పొరకూ నడుమ ఉన్న పలచని హద్దు మాత్రం మిగిలిపోయింది. గనిలో ఆ హద్దు చూసుకుని ఉలి దించితే పుస్తకం తెరిచినట్టు బండ విడిపోతుంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాళ్ళన్నిటి వివరాన్నీ 1872లో గ్రంథంగా అచ్చువేశాడు. ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న పొరకు నర్జి సున్నపురాయి అని పేరు. దాని తోటి పొరలకు బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లు ఉన్నాయి. మన ఊళ్ళ పేర్లే ఆ శాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయాయి.

ఈ రాయి ఎర్రగుంట్లలో రెండు దారులు పడుతుంది. ఒకటి పాలిష్ ఫ్యాక్టరీల దారి. అక్కడ అంచులు కోసి, ఒక ముఖం నునుపు చేసి లారీలకెత్తుతారు. రెండోది సిమెంటు దారి. చిలంకూరులోనూ, ఎర్రగుంట్లను ఆనుకునీ ఉన్న ఫ్యాక్టరీల్లో ఇదే సున్నపురాయిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అంటే స్నానాల గదిలో పైన పరిచిన బండా, దాని కింది సిమెంటూ ఒకే రాతికి పుట్టిన అన్నదమ్ములు. వాటి బలాలు వేరు. ఒక బలహీనత మాత్రం ఇద్దరికీ ఉంది. అది నిమ్మకాయ దగ్గర బయటపడుతుంది.

అడుగుకు పావంగుళం

ముందు నీళ్ళ సంగతి. బల్లపరుపు బండ మీద నీటి చుక్క వేసి, బండను మెల్లగా ఎత్తుతూ పోతే చుక్క వెంటనే జారదు. కొంత వాలు వచ్చేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ, రాతినీ పట్టుకుంటూ ఉండటమే కారణం. ఈ పట్టు వల్లనే బల్లపరుపు నేల మీద రెండు మిల్లీమీటర్ల దాకా నీరు అంచు కట్టి నిలబడగలదు. వాటం మరీ తక్కువైతే బరువు లాగే లాగుడు ఈ పట్టును గెలవలేదు. రసమట్టం బుడగ కాస్త పక్కకు జరిగినంత మాత్రాన నీళ్ళు పోతాయనుకోకూడదు.

ఎంత వాటం ఉంటే చాలు? తాపీ పనిలో చాలా దేశాల్లో నిలబడ్డ లెక్క అడుగుకు పావంగుళం. నాలుగడుగుల నేలకు ఒక అంగుళం పల్లం. అంతకంటే బాగా తగ్గితే మడుగులు కడతాయి. బాగా పెంచితే నిలబడ్డ మనిషికి కాళ్ళ కింద నేల లాగేసినట్టుంటుంది, చక్రాల కుర్చీ తనంతట తానే దొర్లుతుంది, స్టూలు ఒక కాలు మీద ఊగుతుంది. ఈ పావంగుళం లెక్క నీళ్ళ పరుగుకూ మనిషి నిలకడకూ కుదిరిన రాజీ.

షవర్ కింద స్నానం చేసేవాళ్ళకు ఈ లెక్క సరిపోతుంది. మనవాళ్ళకు చాలదు, ఎందుకంటే మనది బకెట్ స్నానం. మామూలు షవర్ నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోస్తుంది. బకెట్లో మిగిలిన ఐదు లీటర్లు రెండు సెకన్లలో కుమ్మరిస్తే ఆ ఉరవడి షవర్‌కు పదిహేను రెట్లు. పైగా అది పరుగు మీద వచ్చే నీరు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటికి, రాపిడి లేకుంటే, రెండంగుళాల ఎత్తు ఎక్కే సత్తువ ఉంటుంది. అంగుళం వాటం దానికి లెక్కే కాదు. ఎగువకు ఎక్కి, తలుపు దాటి, ఆ తరువాతే నెమ్మదిస్తుంది. మేస్త్రి వాటం తప్పకపోయినా పడకగది తడవడంలో రహస్యం ఇదే. విదేశీ కంపెనీల పుస్తకాలు చూసి గీసే నమూనాల్లో ఈ బకెట్ ఎక్కడా కనబడదు. మన ఇళ్ళకు నమూనా గీసేవాళ్ళు మొదట చూడాల్సింది దాన్నే.

మందులు రెండున్నాయి. కొళాయి, బకెట్ పెట్టే చోటు తలుపుకు దూరంగా, తూము వైపే ఉంచడం ఒకటి. నాలుగైదు అడుగుల దూరం పరుగెత్తేసరికి నీటి ఉరవడి చాలావరకు చల్లబడుతుంది. తలుపు దగ్గర నేలకు సమానంగా సన్నని అడ్డకాలువ తీసి, దాని మీద చిల్లుల పలక మూయడం రెండోది. దొర్లుకుంటూ వచ్చిన అల అందులో పడిపోతుంది. కాలికి ఏమీ తగలదు, కుర్చీ చక్రానికీ ఏమీ అడ్డు రాదు.

గిన్నెలా, చేటలా?

తూము గది మధ్యలో ఉంటే నేల గిన్నెలా నాలుగు వైపుల నుంచీ లోపలికి వంగాలి. చిన్న చిన్న టైల్సయితే ముక్కముక్కగా తిరుగుతూ ఆ వంపు పట్టుకుంటాయి. పెద్ద టైలో పెద్ద బండో అలా వంగలేదు. దాన్ని నాలుగు త్రికోణాలుగా కోయాలి. కోసిన ప్రతి గీతా నీళ్ళకు ఒక కొత్త సందు.

తూమును ఒక గోడ పొడవునా సన్నని కాలువలా పెడితే నేల చేటలా ఒకే వైపు వాలుతుంది. చెరిగేటప్పుడు గింజలు ఒకే దిక్కుకు జారినట్టు నీళ్ళన్నీ అటే పోతాయి. ఇక్కడ ఒకే బండ, ఒకే వాటం సరిపోతాయి. సందులు గోడల వెంట తప్ప ఉండవు. పెరటి జలదారి పరిచినవాళ్ళు చేసింది ఇదే.

అందుకే ఎర్రగుంట్లలాంటి చోట, నాలుగడుగుల బండ గడప ముందే దొరికే ఊళ్ళో, గట్టు లేని స్నానపు నేలకు మొదటి ఎంపిక నునుపు చేయని ఒకే నాపబండ అని గట్టిగా చెప్పవచ్చు.

మిగతా ఎంపికలూ తీసిపారేసేవి కావు. ఫ్యాక్టరీలో అచ్చుపోసి వచ్చే తేలికపాటి పళ్ళేలుంటాయి. కొన్ని ఫైబర్‌గ్లాసువి. కొన్ని గట్టి నురుగు పలక మీద సిమెంటు పూత వేసినవి. వాటిలో వాటం ముందే కొలిచి కోసి ఉంటుంది కాబట్టి తాపీ చేతి తప్పు ఉండదు. మేడ మీద బరువు పెంచకూడని చోట అవి మేలు. నురుగు పలకతో ఇబ్బంది ఏమిటంటే, బరువంతా ఒక చిన్న చోట పడితే తట్టుకోలేదు. నిండు బకెట్ అంచు, ప్లాస్టిక్ స్టూలు కాలు, కుర్చీ చక్రం రోజూ ఒకే చోట నొక్కితే పైనున్న చిన్న టైల్స్ సందుల్లో చీలికలు వస్తాయి. ఇక తాపీ మేస్త్రి అక్కడికక్కడే సిమెంటు మాలుతో వాటం తీసి టైల్స్ పరచడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే చేతి నేర్పు మీద ఆధారపడేది.

బాక్స్ | బండ బరువెంత?

చదరపు అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న నాపరాయి ఆరు కిలోల పైమాటే. నాలుగడుగుల చదరపు బండ సుమారు వంద కిలోలు తూగుతుంది. నలుగురు మనుషులు, తాడు, చెక్క మొద్దులు కావాలి. తలుపు వెడల్పు రెండున్నర అడుగులే అయితే బండను నిలువునా తిప్పి లోపలికి తేవాలి. గోడలు లేవకముందే బండను లోపల దించుకుంటే తిప్పలుండవు.

బండ కింద డొల్ల

రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోదు. పాత మిద్దెల్లో దూలానికీ దూలానికీ నడుమ ఎడం తక్కువగా పెట్టి, పైన బండలు పరిచింది అందుకే. ఎడం పెరిగితే నడుమ వంగుతుంది. వంగిన బండలో పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగుతుంది. పగులు ఆ కింది ముఖంలో మొదలై పైకి వస్తుంది. కంటికి కనబడేనాటికి ఆలస్యమైపోతుంది.

స్నానపు బండ కింద మాలు అక్కడక్కడా ముద్దలుగా వేసి పైన బండ దించితే, ముద్దల నడుమ డొల్లలు మిగులుతాయి. అవి చిన్న చిన్న మిద్దెలే. పైనుంచి నిండు బకెట్ దబ్బున దించితే పగులు అక్కడే పుడుతుంది. అందులోకి నీరు చేరితే వాసన కూడా మొదలవుతుంది. నిదానంగా పనిచేసే మేస్త్రి మాలును ఎడతెగకుండా పరిచి, బండ కింది ముఖానికి సిమెంటు పాలు పూసి, రబ్బరు సుత్తితో మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోతాడు. మర్నాడు కర్రతో తట్టి వింటాడు. నిండుగా ఉన్నచోట మొద్దు మోత, డొల్లగా ఉన్నచోట కుండ మోత. కుండ మోత వినబడితే బండ మళ్ళీ లేపాల్సిందే.

సీమ ఎండలో మరో జాగ్రత్త కావాలి. నలభై డిగ్రీల వేడిగాలికి పచ్చి మాలులో నీరు ఒక్క పూటలో ఆవిరైపోతుంది. లోపల గట్టిపడకముందే పైన ముడుచుకుని జుట్టు పగుళ్ళు వస్తాయి. తడి గోనెసంచులు కప్పి కనీసం వారం రోజులు ఆరనివ్వకూడదు.

కంటికి కనబడని అసలు నేల

నీళ్ళను ఆపేది పైన కనబడే బండో టైలో అనుకుంటారు. అవి నడవడానికి మాత్రమే. నీళ్ళను ఆపే నేల వాటి కింద ఉంటుంది.

సిమెంటు గట్టిపడటానికి తన బరువులో సుమారు నాలుగో వంతు నీటిని తనలో కలుపుకుంటుంది. పని సులువుగా సాగడానికి మేస్త్రి దానికి రెట్టింపు పోస్తాడు. మిగిలిన నీరు తరువాత ఆవిరై పోతూ, పోయిన దారిలో వెంట్రుకకంటే సన్నని గొట్టాలు వదిలిపోతుంది. దీపపు ఒత్తి నూనెను పైకి పీల్చినట్టు ఆ గొట్టాలు నీటిని పీలుస్తాయి. పైకి, కిందికి, పక్కకు, ఎటైనా సరే. స్నానాల గది అవతలి గోడ అడుగున సున్నం పొరలు పొరలుగా రాలడం ఈ పీల్చుడు పనే.

అందుకే మాలు కింద నీరు దిగని పొర ఒకటి ఉండాలి. మొహెంజొదారోలో తారు చేసిన పనిని ఇప్పుడు సాగే గుణమున్న సిమెంటు, పాలిమర్ పూతలు చేస్తున్నాయి. వాటిని రెండు చేతులుగా, ఒకటి నిలువు, ఒకటి అడ్డం పూస్తారు. గోడా నేలా కలిసే మూల అన్నిటికంటే బలహీనమైన చోటు, ఎందుకంటే నేల ఒక రకంగా, గోడ ఒక రకంగా కదులుతాయి. మూలను మాలుతో గుండ్రంగా తీర్చి, బట్టలాంటి పట్టీ పొదిగి, పూతను గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు, స్నానం చేసే చోట తల ఎత్తు దాకా తీసుకుపోవాలి. గట్టు లేదు కాబట్టి పూతను స్నానపు జాగాతో ఆపకుండా గదంతా, తలుపు గడప కిందికి కూడా పూయాలి.

చాలా ఇళ్ళలో జరిగే తప్పు ఇక్కడే. వాటం పైనున్న బండకు మాత్రమే ఇస్తారు, కింది పూత బల్లపరుపుగా ఉంటుంది. సందుల గుండా దిగిన నీరు పూత మీద నిలిచిపోతుంది. అది పైకీ రాలేదు, కిందికీ పోలేదు. కొన్ని నెలలకు బండ అంచులు ఎప్పుడూ తడిగా, నల్లగా కనబడతాయి. మొదటి వాటం పూత కింద ఉండాలి, పైన బండ దానితో పాటే వాలాలి. తూము నోరు కూడా ఆ పూత మట్టానికే కలవాలి.

తూము కింద వంపు గొట్టం, అదే నహానీ ట్రాప్, రెండంగుళాల నీటిని ఎప్పుడూ పట్టి ఉంచుతుంది. ఆ నీరే మూత. మురుగు వాసననూ బొద్దింకలనూ అదే ఆపుతుంది. వేసవిలో ఇంటికి తాళం వేసి ఊరెళితే అది ఎండిపోతుంది. తిరిగొచ్చాక ఒక చెంబు నీళ్ళు పోస్తే మళ్ళీ మూత పడుతుంది.

బాక్స్ | నిమ్మచుక్క పరీక్ష

వంటింటి నాపబండ మీద నిమ్మచెక్క మరిచిపోతే మర్నాటికి తెల్లటి మచ్చ మిగులుతుందని ఆ బండ ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళందరికీ తెలుసు. పులుపు సున్నపురాయిని తింటుంది. స్నానాల గదిలో బోరు నీళ్ళకు పేరుకునే తెల్లటి పొర కూడా చాలావరకు అదే సున్నపు పదార్థం. దాన్ని పోగొట్టడానికి పోసే బాత్రూం యాసిడ్‌కు పొరేదో రాయేదో తేడా తెలియదు. రెంటినీ బుసబుసమని కరిగిస్తుంది. టైల్స్ తట్టుకున్నా, వాటి సందుల్లోని సిమెంటు తట్టుకోదు. సందు తెరుచుకుంటే నీళ్ళకు దారి దొరికినట్టే. మెత్తటి సబ్బు నీళ్ళు, గట్టి బ్రష్షు చాలు. స్నానమైన వెంటనే వైపర్‌తో నీళ్ళు లాగేస్తే పొర కట్టనే కట్టదు.

మెరుపు వద్దు

బండ కొనేవాళ్ళకు పాలిష్ మెరుపు మీదే చూపు. స్నానపు నేలకు ఆ మెరుపే శత్రువు. నున్నటి బండ మీద తడి పాదం పెడితే నడుమ పలచని నీటి పొర చిక్కుకుంటుంది. ఆ క్షణం పాదం నిలబడింది నీటి మీదే. ముతక బండ మీద రాతి ముళ్ళు ఆ పొరను చీల్చుకుని చర్మాన్ని తాకుతాయి, నీరు వాటి నడుమ గుంతల్లోకి తప్పుకుంటుంది. రోలు నునుపెక్కితే పిండి రుబ్బదని గంట్లు పెట్టించడం ఇందుకే. స్నానపు బండకు అవే గంట్లు కాలికి పట్టునిస్తాయి. గనిలో పొర విడిపోయినప్పటి సహజ ముఖం ఇంకా మేలు. మరీ గరుకైతే మురికి చిక్కుకుంటుంది కాబట్టి అరచేయి ఆనిస్తే పట్టు తెలియాలి, గీసుకోకూడదు.

జర్మనీలో దీనికో పరీక్ష ఉంది. ఎత్తీ దించీ చేయగల వాలుబల్ల మీద నేల ముక్క పరిచి, సబ్బు నీళ్ళు పారించి, మనిషిని చెప్పుల్లేకుండా నడిపిస్తారు. వాలు పెంచుతూ పోయి, ఏ కోణం దగ్గర కాలు జారిందో రాసుకుంటారు. పన్నెండు డిగ్రీలు దాటితే ఏ తరగతి, పద్దెనిమిదికి బీ, ఇరవై నాలుగుకు సీ. స్నానపు జాగాకు కనీసం బీ ఉండాలంటారు. టైల్స్ కొనేటప్పుడు ఈ అక్షరం అడగవచ్చు. మన నూనె తలంట్లు, సున్నిపిండి స్నానాలు కూడా నేలను జారుడు చేస్తాయి. నల్లగా మెరవాలని కొందరు నాపబండకు నూనె రాస్తారు. వంటింటి అరుగు మీద అది సరే. స్నానపు నేల మీద మాత్రం ఎప్పటికీ కూడదు.

మేడ మీదయితే

కింది అంతస్తులో నేల తవ్వి పల్లం చేసుకోవచ్చు. మేడ మీద ఆ వీలుండదు. నాలుగడుగులకు అంగుళం వాటం, అంగుళం బండ, అంగుళమున్నర మాలు, దాని కింద పూత, ఆ కింద ట్రాపు. ఇవన్నీ పట్టాలంటే స్లాబు వేసేనాడే స్నానాల గది వరకూ పల్లంగా పోయాలి. అపార్ట్‌మెంట్లలో ఎనిమిది నుంచి పన్నెండంగుళాల దాకా పల్లం వదులుతారు. వదలని పాత ఇంట్లో గట్టు తీయాలనుకుంటే స్లాబును ఉలితో చెక్కకూడదు. లోపలి ఇనుప కడ్డీల మీద కాంక్రీటు కవచం అంగుళం లోపే ఉంటుంది. ఒక్కసారి కడ్డీకి తడి తగిలితే తుప్పు ఉబ్బి పెచ్చులు రాలుతాయి. గది నేలంతా ఎత్తు పెంచి, పడకగది వైపు మెల్లని వాలుదారి ఇచ్చుకోవడం అక్కడ దారి. పలచని పళ్ళేలు ఉపయోగపడేదీ అక్కడే.

పూత ఆరాక, బండ దించకముందు తూముకు గుడ్డ బిగించి గదిలో నీళ్ళు కట్టి చూడాలి. గట్టు లేని గదిలో నీళ్ళు నిలవవు కదా అని కొందరు ఈ పరీక్ష మానేస్తారు. తలుపు దగ్గర చేని గెనిమలా బంకమట్టితో చిన్న కట్ట వేస్తే చాలు. గోడ మీద పెన్సిలుతో నీటి మట్టం గీసి, ఒక రోజు పూర్తిగా, వీలైతే రెండు రోజులు వదిలేయాలి. కింది గది పైకప్పు మీద చెమ్మ కనబడకపోతే పూత పట్టినట్టు.

బండ పరిచి, తడి గోనెలు తీసేశాక చివరి పరీక్ష ఒకటి మిగులుతుంది. స్నానం చేసే చోట నిలబడి, రోజూ కుమ్మరించినట్టే నిండు బకెట్ నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించాలి. ఎగువకు ఎక్కిన అల ఎక్కడ ఆగి వెనుదిరిగిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. ఆ గీతకూ తలుపుకూ నడుమ కనీసం అడుగు పొడి నేల ఉంటే మేస్త్రికి కూలి లెక్కగట్టి ఇచ్చేయొచ్చు.